ఈసారి మెత్తగా

ల్యాబులో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి వాటిలో ఒకదాని మీద కూర్చోగానే కోచ్ మనిషే మారిపోయేది. వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, చేతి గడియారం వంక ఒకసారి చూసుకుని గొంతు పెంచేది.

"చూడండి మేడమ్, కొత్త ప్లాంటంటే అంతా కంప్యూటర్లు. క్యాను మూత తీసి వాసన చూసే వ్యవహారం కాదు. పైగా ఇంట్లో మీ ఆయన మంచం మీద ఉన్నారు. మీ మనసు ఇక్కడుంటుందా, అక్కడుంటుందా?"

ఎదుటి కుర్చీలో మేనేజరమ్మ తల మీది తెల్ల టోపీని చెవుల మీదికి లాక్కుంది. పాల ప్లాంటులో ఎవరైనా సరే జుట్టు బయటికి కనిపించకూడదన్నది ఆవిడ పెట్టిన నియమమే.

"మగ మేనేజరునైతే ఈ మాట అడుగుతారా సార్?" అంది. చివరికొచ్చేసరికి గొంతు జారింది.

కోచ్ కాలు దించి, బాసు వేషం వదిలి మళ్లీ మామూలు మనిషైంది. "మొదలు బాగుంది. 'అడుగుతారా' దగ్గర జారిపోయారు. నేల చూపులు వద్దు. మళ్లీ అనండి."

"మీరట్లా కాలు మీద కాలేసుకుంటుంటే నిజంగానే ఒళ్లు మండుతోందండీ టీచరమ్మా."

"మండనివ్వండి. గురువారం ఆ గదిలో మండితే అక్కరకొస్తుంది."

గురువారం అల్లుడుగారు మేనేజరమ్మని మాట్లాడటానికి రమ్మన్నాడు. కంపెనీ పెట్టిన పెద్దాయన పక్షవాతం వచ్చి తప్పుకున్నాక కంపెనీ కూతురి భర్త చేతికొచ్చింది. ఆయనకి ఏ పదవి పేరు పెట్టినా గేటు దగ్గర్నుంచి మెషీన్ల దాకా అందరికీ అల్లుడుగారే. పాత షెడ్డు వెనక కొత్త ప్లాంటు గోడలు లేచాయి. గొట్టాలు ఏ వైపు నుంచి రావాలో, కాలువ ఎంత వాలుగా ఉండాలో మేనేజరమ్మ దగ్గరుండి గీయించింది. ఇప్పుడు దాన్ని నడపడానికి అల్లుడుగారు తనతో చదువుకున్న స్నేహితుణ్ణి తెస్తున్నాడనీ, ఈవిడని హెడ్డాఫీసులో సలహాదారుగా కూర్చోబెడతాడనీ మాట క్యాంటీను దాకా పాకింది. సలహాదారుకి గది ఉంటుంది, కిటికీ ఉంటుంది, సలహా అడిగేవాళ్లు మాత్రం ఉండరు.

తమాషా ఏమిటంటే, కోచ్‌ని పెట్టింది కూడా కంపెనీయే. ఉద్యోగంలో, ఇంట్లో మార్పులు ఎదుర్కొంటున్న ఆడ అధికారులకి తోడుగా ఉండటం ఆమె పని. మొదటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఎగాదిగా చూసి, "కోచ్ అంటే ఏ ఆటకమ్మా?" అని అడిగాడు. "ఓడిపోకుండా ఉండే ఆటకి," అంది. "అయితే మా థర్మామీటరమ్మకి అక్కర్లేదులెండి," అన్నాడతను. అలా మేనేజరమ్మ మారుపేరు తెలిసింది. చల్లదనం ఒక గీత తప్పినా ఆవిడ ఊరుకోదు.

టీ వచ్చింది. మేనేజరమ్మ తన కప్పు పక్కన పెట్టి, ముందు కోచ్ కప్పు మీద ల్యాబులోని గుండ్రటి గాజు మూత ఒకటి బోర్లించింది. మాటల్లో పడి కోచ్ టీ చల్లార్చుకుంటుందని మొదటి రోజే కనిపెట్టింది.

"ఒకటి అడగనా?" అంది కోచ్. సలహా చెప్పకపోవడం, ప్రశ్న వేసి ఊరుకోవడం ఆమె పద్ధతి. "ఈ ప్లాంటులో మీరు చేసిన పని, ఎవరూ చూడనిది, ఏదైనా ఉందా?"

అద్దం అవతల పాలు దించే అరుగు మీద క్యాన్ల చప్పుడు. కోచ్ కదలకుండా కూర్చుంది.

"ఒక వేసవిలో చల్లార్చే మెషీను ఆగిపోయింది," అంది చివరికి. "ట్యాంకు ట్యాంకంతా పాలు విరిగిపోయాయి. మురుక్కాలవలోకి వదిలెయ్యాలి. ఆపరేటరు వాల్వు మీద చెయ్యి వేశాడు గానీ తిప్పలేకపోతున్నాడు. ఇంట్లో పసిపిల్ల ఉంది వాడికి. అందర్నీ టీ తాగి రమ్మని పంపించేసి నేనే తిప్పాను. ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను."

"తర్వాత?"

"తర్వాతేముంది. నేల కడిగే గొట్టంతో ముఖం కడుక్కున్నాను. తడిసిందంటే కడుక్కుందనుకుంటారు కదా." టోపీ మళ్లీ సర్దుకుంది. "పాలండీ. వాళ్ల చేతుల మీదుగా పోవడం ఎందుకు? ఇంట్లో ఈయనకి కూడా చెప్పలేదు. మీరు అడిగి ఊరుకున్నారు గనక వచ్చేసింది."

"ఈ గదిలో మాట ఈ గది దాటదు," అంది కోచ్.

"అదే ధైర్యం."

ఆ మధ్యాహ్నమే అల్లుడుగారి గది నుంచి కోచ్‌కి పిలుపొచ్చింది.

అతను కోచ్ ఊహించుకున్నట్టు కాలు మీద కాలు వేసుకునే మనిషి కాదు. ఆమె రాగానే లేచి నిలబడ్డాడు. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొడుతోందని తనే లేచి తగ్గించాడు. బల్ల మీద వాళ్ల చిన్నపాప రంగులు పూసిన గులకరాయి ఒకటి కాగితాలకి బరువుగా ఉంది.

"ఆవిడ మీతో ఏమంటున్నారో అడగనండీ. అది తప్పు," అన్నాడు. "నాకు మనుషుల్ని నొప్పించడం చేతకాదు. గురువారం తలుచుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మా మామగారైతే ఒక్క ముక్కలో చెప్పేసేవారు. ఎలా చెప్పాలో కాస్త నేర్పుతారా?"

"నిర్ణయం అయిపోయిందా?"

"ఆవిడ ఒప్పుకుంటే అయిపోయినట్టే. ఒప్పుకోకపోతే..." రాయిని ఇటు తిప్పి అటు పెట్టాడు. "పెద్దాయన మాట ఉంది, ఆవిణ్ణి బలవంతంగా కదపొద్దని. అందుకే ఆవిడ నోటితోనే రావాలి."

కోచ్ అక్కడే లేచి రావచ్చు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ కుర్చీలోంచి లేవాల్సిన క్షణం అదేనని తెలిసేది. అప్పుడు మాత్రం ఇంకోలా తోచింది. మేనేజరమ్మ ఎలాగూ గట్టిపడుతోంది. కాదని చెప్పేది ఎలాగూ చెబుతుంది. ఆ చెప్పేటప్పుడు ఎదుటివాడు మాట తూలకుండా, మర్యాదగా ఉంటే ఆ మేరకు నొప్పి తగ్గుతుంది కదా. మెత్తదనం వల్ల ఎవరికైనా చెడు జరగడం ఆమె ఇంతవరకు చూడలేదు.

"మొదట కొత్త ప్లాంటు మాట ఎత్తకండి," అంది. "ఆవిడ ఏం చేశారో చెప్పండి. పొగడ్తలు కాదు. ఒక్క పని. మీరు గమనించారని తెలిసేలా."

"నేనొచ్చి ఎన్నాళ్లయింది కనక? అలాంటివి నాకేం తెలుసు?"

"పాలు విరిగిపోయిన రోజు అందర్నీ పంపించేసి వాల్వు ఆవిడే తిప్పారు," అంది కోచ్. "అలాంటిది."

నోరు జారాక నాలుక కరుచుకుంది. మంచి మాటే కదా, ఆవిడకి గౌరవమే కదా అని వెంటనే సర్దిచెప్పుకుంది. అల్లుడుగారు ఆ మాటను పెదవులు కదుపుతూ, పాఠం అప్పజెప్పుకునే పిల్లాడిలా లోపల అనుకుంటున్నాడు.

"తర్వాత?"

"తర్వాత ఊరుకోండి. ఆవిడ మాట్లాడకపోయినా మీరు మాట్లాడకండి. ఆ తర్వాత ఏదీ చెప్పకండి, అడగండి. మీ గురించి మీరు చివరిసారి ఎప్పుడు ఆలోచించుకున్నారు అని."

మెట్లు దిగుతుంటే అతని కృతజ్ఞత వీపుకి అంటుకున్నట్టనిపించింది.

కోచ్ ఇంటికొచ్చేసరికి ఆమె మామయ్యగారు ఇస్త్రీ చేస్తున్నారు. ఆయన ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివేవారు. ఇప్పుడు ఇంట్లో బట్టల పనంతా ఆయనదే, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వరు. అత్తయ్య చనిపోయిన ఏడాది మొదలుపెట్టారు. ఆవిడ చీరలు కూడా అప్పుడప్పుడు తీసి, మడత విప్పి, ఇస్త్రీ చేసి మళ్లీ బీరువాలో పెడతారు. కొడుకు ఉద్యోగం వేరే ఊళ్లో కాబట్టి వారం పొడుగునా ఇంట్లో వీళ్లిద్దరే.

కోచ్ పక్క గదిలో అద్దం ముందు నిలబడి రేపటి మాటలు సాధన చేస్తోంది. "మీకు చేతకాదని ఎవరూ అనడం లేదు, కానీ వయసొకటి ఉంటుంది కదా మేడమ్."

"ఎవరమ్మా ఆ పెద్దమనిషి, మనింట్లో దూరి అరుస్తున్నాడు?"

"మా క్లయింటు వాళ్ల బాసు, మామయ్యా."

"నిజంగా ఇట్లాగే మాట్లాడతాడా?"

"లేదు. చాలా మర్యాదస్తుడు."

ఇస్త్రీ పెట్టె గుడ్డ మీద ఆగింది. "మరి నువ్వెందుకు ఇట్లా?"

"గట్టి దెబ్బకి తయారైతే చిన్నది దానంతట అదే తట్టుకుంటారు మామయ్యా."

ఆయన చొక్కా చెయ్యి తిరగేసి, గుండీ చుట్టూ జాగ్రత్తగా పెట్టె తిప్పారు. "మీ అత్తయ్య ఉందే, నేను అరిస్తే ఒక్కసారి కూడా ఓడిపోలేదు. అరిచాక నేనే వెళ్లి బతిమాలుకునేవాణ్ణి. గొంతు తగ్గించి అడిగానంటే మాత్రం, పాపం, తన చేతిలో ఉన్నది కూడా ఇచ్చేసేది. నాకు తెలిసే తగ్గించేవాణ్ణనుకో."

కోచ్‌కి ఫోన్ వచ్చింది. నవ్వుతూ పక్కకి వెళ్లిపోయింది.

బుధవారం ఆఖరి సాధన. మేనేజరమ్మ టోపీ ముట్టుకోలేదు. కోచ్ వయసు మాట ఎత్తింది, మంచాన పడ్డ భర్త సంగతి ఎత్తింది, ఆడవాళ్లకి కంప్యూటర్లు పట్టుబడవని కూడా అనేసింది. మేనేజరమ్మ ప్రతి మాటకీ కళ్లలోకి చూసి, తడబడకుండా, "ఆ కాలవల వాలు గీయించింది నేను. ఆ ప్లాంటు నేను నడుపుతాను. ఇంకో కుర్చీ నాకొద్దు," అంది. గోడకి కొట్టిన మేకులా ఉంది ఆ మాట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు.

"రేపు ఆయన నోరు తెరవడమే ఆలస్యం," అంది మేనేజరమ్మ.

గురువారం కోచ్ ల్యాబులోనే కూర్చుంది. అరుగు మీదికి వచ్చిన క్యాన్ల నుంచి పరీక్షకి తెచ్చిన పాలు గాజు గొట్టాల్లో వరసగా నిలబడి ఉన్నాయి. ల్యాబు అమ్మాయి ఒక్కో దాంట్లో మందు చుక్క వేసి రంగు చూస్తోంది. ఒకటి గులాబీ రంగుకి తిరిగింది.

"ఏమైంది దానికి?"

"సోడా కలిపారు మేడమ్. పులుపు తెలియకుండా. పులిసిన పాలు ముక్కుకే దొరికిపోతాయి, మా మేనేజరమ్మ అక్కడే తిప్పి పంపించేస్తారు. వీటితోనే తంటా. నోట్లో పోసుకున్నా తియ్యగానే ఉంటాయి."

తలుపు తెరుచుకుంది. మేనేజరమ్మ ముఖం కడుక్కుని వచ్చినట్టుంది. నుదుటి దగ్గర జుట్టు తడిగా ఉంది. ల్యాబు అమ్మాయి గొట్టాలు తీసుకుని బయటికి వెళ్లేదాకా ఆగి, కుర్చీలో కూర్చుంది.

"మీరు పొరబడ్డారు టీచరమ్మా," అంది. "ఆయన అట్లాంటి మనిషి కాదు."

కోచ్ తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నేను అంతా గుర్తుపెట్టుకుని, పళ్లు బిగించుకుని వెళ్లానా. ఆయన లేచి నిలబడి తనే కుర్చీ జరిపాడు. కొత్త ప్లాంటు మాటే ఎత్తలేదు. 'పాలు విరిగిపోయిన రోజు అందర్నీ పంపించేసి వాల్వు మీరే తిప్పారట కదా' అన్నాడు." తడి నుదురు చేత్తో తుడుచుకుంది. "అన్నేళ్లలో ఒక్కరూ అనలేదండీ ఆ మాట. పెద్దాయన కూడా పాలు ఎంత పోయాయని అడిగాడే గానీ ఎవరు వదిలారని అడగలేదు. నాకు నోట మాట రాలేదు. ఆయన కూడా ఊరుకున్నాడు. అంతసేపు ఊరుకున్నాడు. తర్వాత అడిగాడు, నా గురించి నేను చివరిసారి ఎప్పుడు ఆలోచించుకున్నానని."

"మీరేమన్నారు?"

"ఏడ్చానండీ. ఏమంటాను. అంత బాగా అడిగిన మనిషికి అడ్డం ఎట్లా చెప్పను? ఆలోచిస్తే నిజమే అనిపించింది. సలహాదారుగా ఉంటే ఇంట్లో ఈయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు. సరేనన్నాను. సోమవారం అందరికీ చెబుతారట." చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వంక చూసుకుంది. "మీరు నేర్పినదంతా నీళ్లపాలు చేశాను. ఏమీ అనుకోకండి."

కోచ్ నోరు తెరిచింది. "మీకు... మనసులో ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది. అది అలవాటైన ప్రశ్న. ఆ క్షణంలో తన మీద తనకే అసహ్యం పుట్టించిన ప్రశ్న.

"తేలిగ్గా ఉంది," అంది మేనేజరమ్మ. అద్దంలోంచి వెనక కొత్త ప్లాంటు గోడ కనిపిస్తోంది. అటు చూడకుండా కూర్చుంది.

ఆ సాయంత్రం కోచ్ అన్నం కలిపి వదిలేసింది. మామయ్యగారు కారణం అడగలేదు. పెరుగు గిన్నె దగ్గరికి జరిపి, కాసేపయ్యాక ఆమె చేతి కిందనుంచి కంచం తీసుకెళ్లి తనే కడిగేశారు. ఆయన వంటింట్లోంచి రాగానే, "మామయ్యా, అత్తయ్యకి ఎప్పుడైనా చెప్పారా, తెలిసే గొంతు తగ్గించేవాణ్ణని?" అంది.

ఆయన తుడుచుకుంటున్న చేతులు తువ్వాల్లోనే ఉండిపోయాయి.

"లేదమ్మా," అన్నారు. "చెబుదామనుకుంటూనే ఉన్నాను."

మర్నాడు పొద్దున్నే కోచ్ ప్లాంటుకి వెళ్లింది. రమ్మని ఎవరూ పిలవలేదు. మేనేజరమ్మ అరుగు మీద ఉంది. క్యాను మూత లేపడం, ముఖం వంచడం, చేత్తో సైగ చేయడం. మూత పడేలోపే మరో మూత. నేల మీద వేడినీళ్ల ఆవిరి.

"ఏమిటి టీచరమ్మా, క్లాసులు అయిపోయాయి కదా?" అంది తల ఎత్తకుండానే.

"ఒక మాట చెప్పాలి. లోపలికి రండి."

"ఇక్కడే చెప్పండి. ఈ చప్పుడులో ఎవరికీ వినపడదు."

అందుకని కోచ్ అక్కడే, ఆ చప్పుడులోనే చెప్పింది. అల్లుడుగారు పిలిచిన సంగతి, ఎలా మాట్లాడాలో అడిగిన సంగతి. "మొదట ఏం చెప్పాలో, ఎక్కడ ఊరుకోవాలో, ఏం అడగాలో నేనే నేర్పాను. ఆ వాల్వు సంగతి కూడా నేనే చెప్పాను. ఆయన గమనించలేదు. ఆయనకి తెలియదు."

మేనేజరమ్మ చేతిలో క్యాను మూత ఉంది. దాన్ని క్యాను మీద పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కి, సరిగ్గా కూర్చుందో లేదో చూసింది. తర్వాతి క్యాను దగ్గరికి వెళ్లింది. మూత లేపింది, వాసన చూసింది, పంపించింది. ఆ తర్వాతదీ అంతే. వరస అయిపోయేదాకా కోచ్ అక్కడే నిలబడింది. చెప్పులు తడిసిపోయాయి.

లారీ కదిలాక మేనేజరమ్మ ల్యాబులోకి నడిచింది. కోచ్ వెనకాలే వెళ్లింది.

"ఎందుకు చెప్పారు ఆయనకి?"

"మిమ్మల్ని నొప్పించకుండా మాట్లాడతాడని."

"నొప్పించి ఉంటే బాగుండేది." గొంతు పెంచలేదు. "మా ఆయనకి చెప్పుకోనిది మీకు చెప్పాను. దాన్ని పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాంతోనే నన్ను లేపి పక్కన కూర్చోబెట్టాడు. నేనేమో రాత్రంతా మా ఆయనతో, ఎంత మంచివాడో అని చెప్పుకున్నాను."

"తప్పు నాదే. నేను వెళ్లి ఆయనతో మాట్లాడతాను."

"మీరు మాట్లాడింది చాలు." మేనేజరమ్మ స్టవ్ దగ్గరికెళ్లి గిన్నెలో టీ కాచి సన్నని మంట మీద ఉంచింది. కప్పులు కడిగింది. కోచ్ తన జీవితంలో ఎన్నో మౌనాలను కావాలని సాగదీసింది. ఇది మాత్రం ఆమె చేతిలో లేదు.

మేనేజరమ్మ గోడ దగ్గరున్న కుర్చీ లాగి మధ్యలో వేసింది. ఇంకోదాన్ని దానికి ఎదురుగా వేసి కూర్చుంది.

"ఇక మీతో నా సంగతులేవీ చెప్పను," అంది. "ఇవాళ్టితో సరి. కానీ ఒకటి బాకీ ఉంది. కూర్చోండి. ఆయనలాగా కూర్చోండి. ఈసారి మెత్తగా అనండి."

కోచ్ కూర్చుంది. కాలు మీద కాలు వేసుకోలేదు. ముందుకి వంగి, చేతులు కలిపి పెట్టుకుంది. గొంతు తగ్గించేసరికి అది తన సొంత గొంతే అయింది.

"పాలు విరిగిపోయిన రోజు, అందర్నీ పంపించేసి, వాల్వు మీరే తిప్పారట కదా."

మేనేజరమ్మ కళ్లు నిండిపోయాయి. తల పక్కకి తిప్పుకుంది. "నిజమే కదండీ అది. తిప్పింది నేనే కదా," అంది ఎవరితోనో అన్నట్టు. ముక్కు చీదుకుంది. "మళ్లీ అనండి."

కోచ్ మళ్లీ అంది. ఈసారి మేనేజరమ్మ నోరు తెరిచి, ఏమీ రాక, మూసేసింది.

"మళ్లీ."

అలా ఎన్నిసార్లు అన్నదో ఇద్దరూ లెక్కపెట్టలేదు. అంటున్నకొద్దీ కోచ్‌కి ఆ మాట మీద వెగటు పుట్టింది. ఎదుటి మనిషి కళ్లు మాత్రం మెల్లగా ఆరాయి. ఒకసారి మాట పూర్తయ్యాక మేనేజరమ్మ తడబడకుండా, పెద్దగా కాకుండా, అరుగు మీద క్యాను తిప్పి పంపే గొంతుతో అంది.

"అవును, తిప్పాను. సంతోషం, గుర్తుచేశారు. కొత్త ప్లాంటు నేను వదలను సార్."

కోచ్ ఊరుకుంది. ఊరుకోవడం కూడా పాఠంలో భాగమే. మేనేజరమ్మ ఆ మౌనాన్ని చివరిదాకా భరించింది. టోపీ ముట్టుకోలేదు.

"నిన్న సరేనన్నారు కదా మేడమ్," అంది కోచ్ ఇంకా మెత్తగా.

"అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను."

బల్ల మీద ఇంటర్‌కం మోగింది. మేనేజరమ్మ లేచి తీసింది. "ఆఁ... సోమవారం ప్రకటనకి ఫొటోనా... ఇప్పుడేనా?" కాసేపు విన్నది. "వస్తున్నాను. ఫొటోగ్రాఫర్ని బయట కూర్చోమనండి. ముందు నేను సార్‌తో మాట్లాడాలి."

ఫోన్ పెట్టేసింది. వెళ్తూ స్టవ్ ఆర్పి, ఒక కప్పులో టీ పోసి, బల్ల దగ్గర ఏదో సర్దుతున్నట్టు ఒక్క క్షణం ఆగింది. కోచ్ వైపు చూడలేదు. తలుపు దానంతట అదే మూసుకుంది.

అద్దంలోంచి కోచ్ చూస్తూనే ఉంది. మేనేజరమ్మ అరుగు దాటుతూ, అప్పుడే దించిన క్యాను దగ్గర ఆగి, మూత ఎత్తి, ముఖం వంచి, చేత్తో పంపించెయ్యమని సైగ చేసి ముందుకి నడిచింది. మొదటి మెట్టు మీద కాలు వేసే ముందు కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడింది. పైన గదిలో మెత్తగా మాట్లాడే మనిషి లేచి నిలబడి కుర్చీ జరుపుతాడు. అక్కడ ఈ గొంతు నిలుస్తుందో, చివర్లో జారిపోతుందో కోచ్‌కి తెలియదు. ఇక తనకి ఎవరూ చెప్పరు కూడా.

ఆమె లేచి కుర్చీలు రెండూ గోడ దగ్గరికి చేర్చింది. బ్యాగు తీసుకోబోతూ బల్ల వంక చూసింది.

తన కప్పు మీద గుండ్రటి గాజు మూత బోర్లించి ఉంది. లోపలి ఆవిరి మూతకి పట్టి, చుక్కలు కట్టి, అంచు వెంట జారుతోంది. అది దయో, చేతికి పట్టుబడిన అలవాటో. కోచ్ మూత తీయలేకపోయింది. చాలాసేపటి తర్వాత తీసింది. టీ ఇంకా వెచ్చగానే ఉంది.